జాబితాలో లేని వాళ్లు

సువార్త చెప్పాలన్న తపన ఉన్న ప్రతి మనిషి దగ్గరా ఒక జాబితా ఉంటుంది. కాగితం మీద రాసుకోరు గానీ మనసులో గట్టిగానే ఉంటుంది. అందులో వరసలు రెండే. ఒకటి వినేవాళ్లది, రెండోది వినని వాళ్లది. పక్క వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ, ఆస్పత్రి మంచం మీదున్న తోటి ఉద్యోగి, వ్యాపారంలో దెబ్బతిన్న బాబాయి మొదటి వరసలో ఉంటారు. ఏటా అయ్యప్ప మాల వేసుకునే మేనేజరు, పటమట నాస్తిక కేంద్రం సభలకు తప్పకుండా వెళ్లే లెక్చరరు, దేవుడి పేరెత్తితే నవ్వే ఇంజనీరింగ్ మేనల్లుడు రెండో వరసలోకి పోతారు. వాళ్లకు చెప్పడం దండగని ఎప్పుడో తేల్చేశాం. వాళ్లను అడిగామా? లేదు. పైపైన చూసి తేల్చేశాం.

బెజవాడలో, కృష్ణా డెల్టా ఊళ్లలో ఉంటూ ఇలా తేల్చేవాళ్లు మన నేల చరిత్ర కాస్త తిరగేయాలి. ఇక్కడ క్రైస్తవం పాకిన తీరే ఇలాంటి జాబితాలను తలకిందులు చేసింది.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించేవాడు. నోబుల్ దారి వేరు. పైకులాల పిల్లలకు మంచి చదువు చెప్పాలి, వాళ్లలో కొందరు నమ్మాలి, వాళ్లను చూసి కిందివాళ్లంతా నడవాలి. ఇదీ ఆయన లెక్క. 1843లో బడి తెరిచాడు. ఇవాళ బందరులో నోబుల్ కాలేజీ అని మనం పిలిచేదానికి మూలం అదే. దళితుల పిల్లలకు ఆ బడిలో చోటివ్వలేదు. వాళ్లను చేర్చుకుంటే మిగతావాళ్లు తమ పిల్లల్ని మాన్పిస్తారన్న భయం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణుడు మంచాల రత్నం, ఇంకొకరు వెలమ కులస్థుడు ఐనాల భూషణం. ఊరు అట్టుడికింది. బడి ఖాళీ అయింది. ఆ ఇద్దరూ తర్వాత పాస్టర్లయ్యారు. నోబుల్ 1865లో బందరులోనే కన్నుమూశాడు. అన్నేళ్ల శ్రమకు ఆ బడి నుంచి వచ్చిన విశ్వాసులు కొద్దిమందే.

నోబుల్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ ఆయన పథకంలో తెలివితక్కువతనం లేదు. ఊళ్లో పలుకుబడి ఉన్నవాణ్ణి పట్టుకుంటే ఊరంతా వస్తుందని ఇప్పటి అమ్మకాల పుస్తకాలు కూడా చెబుతాయి. లెక్క బాగానే ఉంది. లెక్కలో లేని మనిషి ఒకడు మరో దారిలో వచ్చాడు, అంతే.

ఆయన పేరు పగోలు వెంకయ్య. ఊరు రాఘవాపురం. మాల కులస్థుడు. ఆనాటి మిషనరీల జాబితాలో ఇలాంటి వాడికి చోటే లేదు. మిషన్ చరిత్రలు చెప్పేదాన్ని బట్టి, రాతి బొమ్మల్లో దేవుడు లేడని ఒక స్నేహితుడు అంటే ఆ మాట ఆయన బుర్రలో నాటుకుంది. పూజలు మానేశాడు. నువ్వెవరో, ఎక్కడున్నావో నాకు కనపడమని పేరు తెలియని దేవుణ్ణి ఏళ్ల తరబడి వేడుకున్నాడు. ఆయనకు ఎవరూ కరపత్రం ఇవ్వలేదు. ఏ దొరా ఆయన గుమ్మం తొక్కలేదు. 1859లో కృష్ణలో పుణ్యస్నానాలకు జనం బెజవాడ వస్తే వాళ్లతోపాటు వచ్చి, అక్కడున్న ఒక బ్రాహ్మణుణ్ణి దేవుడి గురించి అడిగాడు. నువ్వడిగే దేవుడి సంగతి ఇక్కడున్న తెల్లదొర చెబుతాడు, వెళ్లి అడుగు అన్నాడాయన. ఆ దొర మిషనరీ టి.వై. డార్లింగ్. అప్పటికి ఎన్నో ఏళ్లుగా తెలుగువాళ్లకు చెబుతున్నా వినేవాళ్లు లేక డీలాపడి ఉన్న మనిషి.

వెంకయ్య ఆ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంటివాళ్లు, బంధువులు వెంట వచ్చారు. రాఘవాపురం ఒక కేంద్రమైంది. అక్కణ్ణుంచి మాలపల్లె తర్వాత మాలపల్లె. వెంకయ్య చనిపోయేదాకా ఊరూరా తిరిగి చెబుతూనే ఉన్నాడు. బందరు బడి ఎదురుచూసిన కదలిక చివరికి పొలాల్లోంచి, కూలి మనుషుల్లోంచి వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చే పాత్ర ఆ బ్రాహ్మణుడు. పేరు తెలియదు. ఆయనకు డార్లింగ్ మతం మీద ఏ మోజూ ఉన్నట్టు లేదు. కానీ అడిగినవాడికి సరైన చిరునామా చెప్పాడు. ఆ చిరునామా ఆయనకు ఎలా తెలిసింది? డార్లింగ్ నలుగురికీ తెలిసేలా అక్కడ బతికాడు గనక. ఈ మనిషి దగ్గరికి వెళ్తే దేవుడి గురించి మాట్లాడతాడన్న సంగతి ఊరికి తెలుసు. మీ విషయంలో ఊరికి ఏం తెలుసు? మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను ఎవరైనా అడిగితే మీ ఇంటివైపు చూపిస్తాడా, లేక ఆదివారం పార్కింగ్ కోసం గొడవపడే సారు అని గుర్తుచేసుకుంటాడా?

కాబట్టి మొదట చెయ్యాల్సింది ఎవరిని పట్టుకోవాలా అని వెతకడం మానడం. ఆ బదులు, ఎవరైనా అడిగితే దొరికే మనిషిగా ఉండటం. అడిగేవాళ్లు మన అంచనాల్లోంచి రారు.

ఒంగోలు డెల్టాకు కాస్త అవతల ఉంది గానీ, ఇదే పాఠం అక్కడ ఇంకా ఖరీదుగా నేర్పింది. అమెరికన్ బాప్టిస్టులు 1836 నుంచి తెలుగునాట పనిచేస్తున్నారు. నెల్లూరు మిషన్‌లో చేరినవాళ్లు ఎంత తక్కువంటే, దాన్ని మూసేద్దామా అని అమెరికాలో వాళ్ల పెద్దలు మళ్లీ మళ్లీ చర్చించుకున్నారు. 1866లో వాళ్ల మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. అక్కడి బ్రాహ్మణులు తమ పిల్లలకు బడి కావాలంటే సంతోషంగా పెట్టాడు. అంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి వచ్చాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల మాట ఆయన చెవిన పడింది. ఆ మాట చెప్పిన మనిషి తన మాట ఒంగోలు సీమలో మొలకెత్తడం కళ్లారా చూసి ఉండకపోవచ్చు. అలా చూసే భాగ్యం చాలామందికి ఉండదు. పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలవగానే పైకులాల వాళ్లు పిల్లల్ని బడి మాన్పిస్తామన్నారు. ఎవరో ఒకరినే ఎంచుకోవాలి. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకటే చోటు తగిలిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివర. లోకం లెక్కచేయని వాళ్లను దేవుడు ఎన్నుకుంటాడన్న భాగం. బడి పోయింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ అంకె అందరూ చెబుతారు. దానికి ముందు జరిగింది తక్కువమంది చెబుతారు. 1876 నుంచి 78 దాకా మహా కరువు. క్లౌ సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అలా అన్నం పెడుతున్న కాలంలో, బతిమాలినా సరే, ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారో, దేవుడి కోసం వస్తున్నారో తనకూ తెలియదు, వాళ్లకూ తెలియకపోవచ్చు. అందుకే ఆగాడు.

మన దగ్గర సువార్త పనిమీద వచ్చే పెద్ద నింద ఇదే కదా. బియ్యం ఇచ్చి, ఫీజు కట్టి, మందులు కొనిచ్చి మతం మారుస్తారని. కొన్నిచోట్ల ఆ నింద వట్టిదే, కొన్నిచోట్ల కాదు. మీరు మాత్రం గీత గట్టిగా గీయండి. ఒక ఇంటికి సాయం చేస్తున్నన్ని రోజులూ ఆ ఇంట్లో సువార్త మాట ఎత్తకండి. వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప. బెజవాడ బుడమేరు వరదలో మీరు భోజనం పొట్లం అందించిన ఇంటికి ఆ వారమే కరపత్రం పట్టుకెళ్లడం మర్యాద కాదు. తీసుకున్న చేయి వద్దనలేదు. వద్దనే వీలు లేనిచోట సరేనన్న మాటకు విలువ ఉండదు.

స్నేహం మాత్రం సాయం లాంటిది కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ వి.ఎస్. అజరయ్య లేచి తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నాడు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ఒళ్లు హూనం చేసుకున్నారు, అదంతా నిజమే, మాకు కావలసింది మాత్రం స్నేహితులు అని. సభ ఇబ్బందిపడింది. ఆయన తమిళుడు, తిరునెల్వేలి వాడు. తెలుగు నేర్చుకుని పనిచేశాడు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. తర్వాత కృష్ణా ప్రాంతం కూడా ఆ అధ్యక్ష మండలంలోకి వచ్చింది. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడిచేతా తల మీద చెయ్యి పెట్టించి, నేనూ ఈ కబురు చెబుతాను, చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపించేవాడు. ఎందుకంటే దొర చెబితే ఊరు వింటుందేమో గానీ, పక్కింటివాడు మారితే ఊరు చూస్తుంది.

చూసింది కూడా. 1930లకు వచ్చేసరికి, నోబుల్ అంత తాపత్రయపడినా రాని పైకులాల వాళ్లు ఆ మండలంలో వేలమంది వచ్చారు. వాళ్లకు దారి చూపింది బడి కాదు, పండితుడు కాదు. తమ పొలాల్లో పనిచేసే దళిత క్రైస్తవుల్లో వచ్చిన మార్పేనని అజరయ్య చెప్పేవాడు. తాగుడు తగ్గింది, పిల్లలు చదువుతున్నారు, మాట మీద నిలబడుతున్నారు. కిందినుంచి పైకి! నోబుల్ లెక్కకు సరిగ్గా ఎదురు. ఇది అందరికీ నచ్చలేదనుకోండి. హరిజనుల సామూహిక మతమార్పిడిని గాంధీజీ ఆ రోజుల్లో గట్టిగా విమర్శించారు. వాళ్లకూ సొంత బుద్ధి ఉంది, వాళ్ల నిర్ణయం వాళ్లది అని అజరయ్య పక్షం. ఆ వాదన ఇవాళ్టికీ తెగలేదు. మీరు సువార్త పనిలో ఉంటే రెండు వైపులా చదవండి. ఒక్క వైపే చదివినవాడు మేనల్లుడు వేసే రెండో ప్రశ్నకే తడబడతాడు.

ఇప్పుడు వినని మనిషి వైపు నుంచి చూద్దాం. వాళ్లలో చాలామంది విననివాళ్లు కారు. విన్నారు, ఖరీదు లెక్కేసుకున్నారు, ఆగారు.

ఖరీదు చిన్నదా? పెద్దకొడుకు అనుకోండి. అమ్మకు తలకొరివి ఎవరు పెడతారు? తద్దినం ఎవరు పెడతారు? చెల్లెలి సంబంధానికి వచ్చినవాళ్లు ఏమంటారు? బావమరిది మాట మానేస్తే భార్య ముఖం ఎలా ఉంటుంది? దళిత కుటుంబమైతే ఇంకో లెక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. ఉద్యోగం, సీటు, రిజర్వుడు స్థానంలో పోటీ చేసే హక్కు, అన్నీ ఆ ఒక్క సర్టిఫికెట్‌తో ముడిపడి ఉంటాయి. ఇంత బరువు ఎత్తాల్సిన మనిషిని గుండె కఠినమని ఒక్క మాటలో తీసిపారేయడం, ఎత్తని మనం చేసే పని కాదు. నమ్మకం పుట్టాక కూడా బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు. కొందరు ఎప్పటికీ బయటపడరు. గుణదల మేరీమాత తిరునాళ్లకు ఫిబ్రవరిలో వెళ్లి చూడండి. కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చి, కొండెక్కే హిందువులు ఎందరో. వాళ్లను మీ ఏ వరసలో వేస్తారు? నాకైతే వెయ్యాలనిపించదు.

సరే, రేపు ఆఫీసులో ఏం చెయ్యాలి?

అడగండి. చెప్పడానికి ముందు అడగండి. "అన్నయ్యా, మీరు శబరిమల మొదటిసారి వెళ్లినప్పుడు ఎలా అనిపించింది?" అని నిజంగా తెలుసుకోవాలనుకుని అడగండి. జవాబు మధ్యలో బైబిల్ వచనం దూర్చకండి. పదిమందిలో ఏడుగురు తిరిగి, మరి మీరేంటి చర్చిలో ఏం చేస్తారు అని అడుగుతారని నా అంచనా. అడగకపోయినా నష్టం లేదు, ఒక మనిషి గురించి తెలిసింది కదా. ఆ మేనేజరు మాలలో ఉన్న మండలం రోజుల్లో మీటింగుకు రమ్మని పిలవడం మాత్రం ఎవరి భక్తికీ గౌరవం కాదు. క్రిస్మస్ కేకు కూడా ఆ రోజుల్లో వద్దు, గుడ్డు ఉంటుంది. పళ్లు ఇవ్వండి.

ప్రసాదం సంగతి చాలా ఇళ్లలో చిక్కుముడి. వినాయకచవితికి పక్కింటావిడ ఉండ్రాళ్లు తెస్తుంది. తినడం మీ మనస్సాక్షికి ఒప్పకపోతే తినకండి. కానీ తలుపు సగం తెరిచి, మేం తినమండీ అని మొహాన అనేసి మూసేస్తే, ఆవిడ ఇరవయ్యేళ్ల పాటు మీ దేవుణ్ణి ఆ తలుపుతోనే గుర్తుపెట్టుకుంటుంది. లోపలికి పిలవండి. కాఫీ ఇవ్వండి. "పిన్నిగారూ, మీరు గుర్తుపెట్టుకుని తెచ్చారు, అదే పెద్ద విషయం. మా పద్ధతి వల్ల తినలేను, ఏమీ అనుకోకండి" అంటే ఏ పిన్నిగారూ చిన్నబుచ్చుకోదు. వాళ్ల దేవుళ్లను వెక్కిరించే ప్రసంగం ఏ మైకులో వినపడినా అది మీ పని పదేళ్లు వెనక్కి లాగుతుంది. ఆ మాట మీ పాస్టర్‌గారికి చెప్పే ధైర్యం కూడా సువార్త పనిలో భాగమే.

నాస్తికుల విషయంలో బెజవాడకు ఒక సొంత ఉదాహరణ ఉంది. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో పటమటకు తెచ్చారు. దేవుడంటే ఏమిటని 1930లోనే గాంధీజీకి ఉత్తరం రాశారు. గాంధీజీ జవాబు ముక్తసరిగా ఉంది. తర్వాత ఉత్తరంలో నాస్తికత్వాన్ని తోసిపుచ్చారు కూడా. గోరా వదల్లేదు. ముదునూరు పల్లెల్లో అంటరానితనం మీద తాను చేస్తున్న పని ముందుపెట్టి, 1944లో సేవాగ్రామ్ వెళ్లి ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. నా ఆస్తికత్వం సరైనది, నీ నాస్తికత్వం తప్పు అని నేను అనలేను అన్నంతదూరం గాంధీజీ వచ్చారని గోరా తర్వాత రాశారు. గోరా కూతురికీ ఒక దళిత యువకుడికీ పెళ్లి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీజీ అన్నారు, ప్రమాణంలో దేవుడి బదులు సత్యం అనడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

ఇద్దరిలో ఎవరూ అవతలి గట్టుకు చేరలేదు. అయినా ఆ సంభాషణ దండగ అని ఎవరంటారు? ఆక్స్‌ఫర్డ్‌లో రచయిత టోల్కీన్ కూడా, మొదట్లో నాస్తికుడైన తోటి రచయిత సి.ఎస్. లూయిస్‌తో ఏళ్ల తరబడి స్నేహం చేశాడు. 1931లో ఒక రాత్రి చాలాసేపు నడుస్తూ మాట్లాడుకున్నాక లూయిస్ క్రీస్తును నమ్మాడు. అయితే టోల్కీన్ క్యాథలిక్, లూయిస్ ఆంగ్లికన్ అయ్యాడు. టోల్కీన్‌కు అది కొంత వెలితే. స్నేహితుడు మీరు గీసిన గీత మీదే వచ్చి నిలబడతాడని అనుకోకండి.

పటమట లెక్చరరు దగ్గరికి వాదన గెలవడానికి వెళ్లొద్దు. వాదనలో ఆయనకు మీకంటే సాధన ఎక్కువ. ఆయన కులాంతర వివాహాల గురించి, చేతబడి భయాల గురించి చేసే పనిలో మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకునేవి సగం ఉంటాయి. ఆ సగంలో చేయి కలపండి. మిగతా సగం సంగతి టీ తాగేటప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు తెలియనిదాన్ని తెలియదనండి. బైబిల్లో మీకు మింగుడుపడని భాగాలు ఉంటే ఉన్నాయని చెప్పండి. అన్నిటికీ జవాబున్నట్టు నటించేవాణ్ణి తెలివైనవాడు ఒక్క సాయంత్రంలో పసిగడతాడు.

ఇంక వద్దనే మాట. ఎవరైనా స్పష్టంగా వద్దు అంటే, ఈ విషయం నాతో ఎత్తకు అంటే, సరేనని మాటివ్వండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. వచ్చే వారం కూడా మామూలుగానే ఫోన్ చెయ్యండి, క్రికెట్ మాట్లాడండి, వాళ్లమ్మాయి ఈఏపీసెట్ ర్యాంకు అడగండి. ఫోన్లు తగ్గిపోయాయంటే ఇన్నాళ్లూ మీరు ఫోన్ చేసింది దేనికో ఆయనకు అర్థమైపోతుంది. ఆయనకోసం ప్రార్థన చేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇంట్లో, తలుపేసుకుని, మైకు లేకుండా చేసుకోండి.